అగ్రహారమను పేరు: పాతవారి మాట, క్రొత్తవారి మాట



కోనసీమలో బాటసారిని నిలిపి "మీదే యూరండీ?" అని యడిగినచో వట్టి యూరి పేరు చెప్పి యూరకుండువారు తక్కువ. ఒకాయన "ఫలానా అగ్రహారమండీ" యని గొంతు కొంచెము హెచ్చించి చెప్పును. ఆ గ్రామమువాడే మఱియొకడు "ఆయ్, అగ్రహారము ప్రక్కనండీ" యని గొంతు తగ్గించి చెప్పును. ఇద్దఱికిని పంచాయతీ యొక్కటే, తపాలా యొక్కటే, పంటకాలువ నీరును ఒక్కటే. అయినను ఒకని నోట పెరిగిన గొంతు రెండవవాని నోట తగ్గుచున్నది. ఇది యేల యని విచారించుటయే నేటి ప్రసంగము. నేను పుట్టినదియు ఒక అగ్రహారముననే. కనుక నా మాటలో పక్షపాతము దొర్లినచో పెద్దలు సవరించుకొని వినగోరెదను.

అగ్రహార శబ్దమునకు పండితులు చెప్పెడి వ్యుత్పత్తి యిది. అగ్రమనగా బ్రాహ్మణ భోజనమునకై ముందుగా తీసియుంచెడి భాగము. అట్టి భాగము నిమిత్తము రాజు తన సొత్తునుండి వేఱుచేసి యిచ్చిన క్షేత్రాదులు అగ్రహారములు. అనగా ఆ మాటకు పుట్టుకలోనే అన్నముతో సంబంధము కలదు. రెండు వరుసల యిండ్లును, నడుమ వెడల్పైన వీధియు, మండువా లోగిళ్లును, వీధి యరుగులును తరువాత చేరినవి. ఇపుడు అగ్రహారమనగానే మన కన్నుల యెదుట నిలుచునవి యీ తరువాత చేరినవే. మొదటి యర్థమును మఱచితిమి.

పాతవారెవరు, క్రొత్తవారెవరు అను ప్రశ్నకు మన సీమలో సమాధానము చెప్పుట సులభము గాదు. అమలాపురమునకు సమీపమున నున్న పేరూరు నే చూడుడు. వేదాధ్యయనమునకు, పాత లోగిళ్లకు అది పేరుపడిన అగ్రహారము. ఆ యూరి పేరుతోనే ద్రావిడులలో ఒక శాఖ పిలువబడుచున్నది. వారి పూర్వులు కావేరీ తీరమునుండి కదలివచ్చి గోదావరీ తీరమున స్థిరపడిరని వారి సంప్రదాయమే చెప్పుచున్నది. అనగా నేడు పాతవారిలోకెల్ల పాతవారని మనము గౌరవించువారు ఒకనాడు మూటముల్లెలతో దిగిన క్రొత్తవారు. వారు వచ్చిననాడు "ఈ అరవవా రెవరు? వీరి యుచ్చారణ మేమి?" అని యరుగులమీద అనుకొన్నవారు లేకపోయిరా? ఉండియే యుందురు. అట్లనుకొన్నవారి పేరు నేడు ఎవ్వరికిని తెలియదు.

మఱియొక సంగతి. దానమిచ్చిన భూమి అన్నిచోట్ల అడవి గాదు. పూర్వపు దానశాసనములను చదివినచో పొలిమేరలు చెప్పునపుడు చెఱువులు, కాలువలు, ఇరుగుపొరుగు గ్రామముల పొలములు కనబడును. దున్నెడివాడు లేనిదే దానగ్రహీతకు గింజ రాదు. కనుక అగ్రహారము వెలయుటకు ముందే అచట నాగలి పట్టినవారు, చెట్టెక్కినవారు, వల విసరినవారు కలరు. గ్రామమున అందఱికంటె పాత కాపురములు వారివి కావచ్చును. వారికి శాసనములు లేవు, వంశవృక్షములు లేవు. పేటలో గుడిసె కాలిపోయిననాడు వాని తాత జ్ఞాపకమొక్కటే మిగిలెడిది. మనము "ఊరి పాతవా రేమనుచున్నారు?" అని యడుగునపుడు అరుగుమీది వృద్ధులనే యడుగుచున్నాము. ఈ పొరపాటు నేనును చాలకాలము చేసితిని.

ఇక పేరుప్రతిష్ఠల సంగతి. మన అగ్రహారముల కీర్తిలో విద్య యొక పాలు. ముంగండ పేరు చెప్పగానే జగన్నాథ పండితరాయలు జ్ఞప్తికి వచ్చును. పదునేడవ శతాబ్దమున షాజహాను కొలువులో పండితరాజ బిరుదము నందిన మహానుభావుడు. రసగంగాధరము, భామినీవిలాసము, గంగాలహరి రచించిన యాయన మన ముంగండవాడని తెలుగునాట ప్రసిద్ధి. ఆయనను గూర్చిన ఐతిహ్యము పెద్దల కెఱుకయే. యవన స్త్రీని పరిగ్రహించెనని కాశీ పండితులు ఆయనను పంక్తినుండి వెలివేసిరనియు, ఆయన గంగాతీరమున మెట్లమీద కూర్చుండి లహరిని చెప్పుచుండగా గంగ మెట్టు మెట్టుగా పైకి వచ్చెననియు చెప్పుదురు. కథలో నిజమెంతయో యటుంచుడు. నాకు వింతయైన దేమనగా, ఆ కథను అరుగులమీద ఆనందబాష్పములతో చెప్పెడి మనమే, మన వీధిలో అట్టి పెండ్లి నిన్న జరిగినచో ఆ యింటివారితో నేడు మాటలు మానుకొందుము. మూడు నూఱుల యేండ్లు గడచిన పిమ్మట వెలివేతయు ఊరి కీర్తిలో ఒక భాగమగుచున్నది.

కీర్తిలో రెండవ పాలు అన్నము. దీనికి లంకల గన్నవరము సాక్షి. డొక్కా సీతమ్మగారు (1841–1909) మండపేటలో పుట్టి ఈ గన్నవరమునకు కోడలిగా వచ్చిరి. ఆ యూరు వైనతేయ తీరమున నున్నది. నాడు వంతెనలు లేవు. రేవున పడవ దొరకువఱకు బాటసారి వేచియుండవలసినదే. ఏటికి వరద వచ్చినను, గాలి తిరిగినను, చీకటిపడినను బాటసారులు ఆగిపోయెడివారు. ఆగినవారికి ఆకలి వేయును. ఆ యిల్లాలు వేళ యనక, వారెవరని యడుగక వండి వడ్డించినది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సమయమున ఆమె ఛాయాపటమును దొరలు కోరి తెప్పించుకొనిరని మన సీమలో చెప్పని యిల్లు లేదు. నే నిచట గమనింపుమని కోరునది వేఱు. ఆ యూరికి పేరు తెచ్చినది ఊరివారి వంశములు కావు. దారి తప్పియో, పడవ తప్పియో వచ్చిన పరాయివారి ఆకలి ఆ పేరును తెచ్చినది. పరాయివారు రాకున్న సీతమ్మగారు మంచి యిల్లాలుగా ఒక వీధివారికి మాత్రమే తెలిసియుందురు.

కాటను దొర 1847లో ధవళేశ్వరము ఆనకట్ట మొదలిడి 1852 నాటికి పూర్తిచేసెను. పిమ్మట గోదావరి నీటిని వైనతేయ దాటించి రాజోలు వైపునకు కొనిపోవుటకు గన్నవరముకడ కమానుల అక్విడక్టును కట్టిరి. తరువాతి కాలమున దానికి సరసన కట్టిన క్రొత్త అక్విడక్టునకు సీతమ్మగారి పేరు పెట్టిరి. రేవు దాటలేక నిలిచిపోయినవారికి అన్నము పెట్టిన తల్లి పేరు ఏరు దాటించెడి కట్టడమునకు నిలిచినది. 2024లో మన రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరే పెట్టినది. ఆ పంక్తిలో అగ్రహారపు పిల్లవాడును, పేట పిల్లవాడును ప్రక్కప్రక్కన కూర్చుందురు. ముప్పదియేండ్లు బడిలో నుండి యిట్టి పంక్తులను చూచిన కన్నులు నావి. మొదటి రోజులలో కొందఱు తలిదండ్రులు పిల్లలకు క్యారేజీలు పంపెడివారు. కొంతకాలమునకు ఆ పిల్లలే వానిని విప్పక తిరిగి యింటికి తీసికొనిపోయెడివారు.

ఇక కీర్తికి వెనుకవైపు. దానినిగూడ చెప్పవలెను, చెప్పకున్న ఇది ప్రసంగము గాక భట్రాజు స్తోత్రమగును. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము మొదట 1897లోను, పెంచిన ప్రతి 1909లోను ముద్రితమైనది. అది ఉత్తరపు జిల్లాల అగ్రహారముల కథయే యైనను, పసిపిల్లను వృద్ధునికి అమ్మెడి ఇల్లు మన వీధులలోను ఉండెడిది. ఆ నాటకము వచ్చిన పిమ్మట అగ్రహారమను మాటకు లోకమున ఒక నవ్వు అంటుకొన్నది. అది నేటికిని పోలేదు.

అంతకంటె కఠినమైన దింకొకటి కలదు. నా చిన్ననాడు, అనగా 1970 ప్రాంతమున, మా వీధి మొదట ఒక రావిచెట్టు ఉండెడిది. పేటవారు మా వీధిగుండ పోవలసివచ్చినచో ఆ చెట్టుకడ చెప్పులు విడిచి చేతబట్టుకొని నడచి, వీధి చివర తొడుగుకొనెడివారు. ఎవ్వరును వారిని అదిలించుట నేను చూడలేదు. అదిలింపవలసిన యవసరము లేకుండెను. అంతగా అలవాటు చేసియుండిరి. నాతో చదివిన పిల్లవాడొకడు నాకు లెక్కలు చెప్పెడివాడు. వాడు మా యింటికి పుస్తకమునకై వచ్చినపుడు వీధి యరుగు దిగువన నిలిచి పిలిచెడివాడు. నేను అరుగుమీదనుండి పుస్తకమును చాచెడివాడను. ఇద్దఱిలో ఎవరికిని అందులో తప్పు తోచలేదు. దేవాలయ ప్రవేశమునకు మద్రాసు శాసనము 1947లోనే వచ్చినది. శాసనము గుడి తలుపు తెఱచినది గాని మా రావిచెట్టుకడకు చాల ఆలస్యముగా వచ్చినది.

రాజోలు ప్రాంతమున మామిడికుదురు గ్రామమున 1911లో పుట్టిన బోయి భీమన్నగారు ఈ దృశ్యమును చెట్టు ఆవలి వైపునుండి చూచినవారు. పాలేరుల బ్రదుకును నాటకముగ రచించిరి. గుడిసెలు కాలిపోవుటనుగూర్చి రచించిన కావ్యమునకు 1975లో సాహిత్య అకాడమీ బహుమానమందిరి. కోనసీమ యనగానే కొబ్బరితోటలు, పచ్చని చేలు, వేదఘోష యని పాడెడి మనము, ఆయనయు కోనసీమవాడే యని జ్ఞప్తియుంచుకొనుట న్యాయము. సీమ పేరు పండితరాయల వలన ఎంత నిలిచినదో భీమన్నగారి వలన అంత నిలిచినది.

అగ్రహారములు మాఱుటకు మొదటి కారణము భూమి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు శాసనము వలన గ్రామము గ్రామమంతయు ఈనాముగా నున్నవియు, 1956 నాటి ఈనాముల రద్దు శాసనము వలన తక్కినవియు రైతువారీలోనికి వచ్చినవి. దున్నువానికి హక్కు గలిగెను. శిస్తుమీద బ్రదికిన యిండ్లవారు చదువుమీద బ్రదుకుటకు బయలుదేఱిరి. మొదట కాకినాడ, రాజమహేంద్రవరము, పిమ్మట హైదరాబాదు, ఆ పిమ్మట అమెరికా. పదునాలుగు గదుల లోగిలిలో ఒక వృద్ధురాలు, ఒక ఆవు మిగులుట నేడు సామాన్యముగ చూచుచున్నాము. మండువాలో వర్షపునీరు పోవు తూము పూడిపోయి గోడ నానును. నానిన గోడకు దూలము క్రుంగును. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమమీద విఱుచుకుపడినపుడు కొబ్బరిచెట్లతోపాటు పెంకులును ఎగిరిపోయినవి. ఆ పెంకులు మరల వేయించుకొనలేని యిండ్లు ఎన్నియో ఆ తరువాత అమ్మకమునకు వచ్చినవి.

కొన్నవారెవరు? కువైటు, దుబాయి దేశములకు పోయి కష్టించిన ఆడువారు, మగవారు. రొయ్యల చెఱువులలో రెండు రూకలు గడించినవారు. అంబాజీపేట కొబ్బరి వర్తకులు. చమురు సంస్థల కొలువులో వచ్చి యిచటనే నిలిచినవారు. వీరే నేటి క్రొత్తవారు.

మా వీధిలో ఇటీవల ఇట్టి అమ్మక మొకటి జరిగినది. పేటలో పుట్టిన యొకాయన, తన కుమారుడును కోడలును కువైటునుండి పంపిన ధనముతో ఒక శిథిలమైన లోగిలిని కొని బాగుచేయించెను. అపుడు అరుగులమీద వచ్చిన మాటలను వచ్చినట్లు చెప్పెదను.

ఒక వృద్ధుడు, "అగ్రహారము పేరు పోయినదిరా అబ్బాయీ" యనెను. పేరనగా నేమి యని నేను గ్రుచ్చి యడుగగా, "తెల్లవాఱుజామున వీధిలో నడచిన చాలు, ఏ యింటివారు ఏ పనసలో నున్నారో తెలిసెడిది. ఇపుడు దూరదర్శనము తప్ప మఱేమి వినవచ్చును?" అనెను. ఈ దుఃఖము నిజమైనది. కాని ఆ పనసలు ఆగిపోయినది క్రొత్తవారు వచ్చుటచే గాదు. ఆ వృద్ధుని యిద్దఱు కుమారులును వేదము చదువలేదు. చదివింపవలెనని ఆయనయు కోరలేదు. ఈ మాట ఆయనతోనే యంటిని. కొంతసేపు ఊరకుండి, "నిజమేరా" యనెను.

మఱియొకాయన, "ఇల్లు కొనుటకు నాకేమి యభ్యంతరము? వీధి పద్ధతి పాడుచేయకున్న చాలు" ననెను. పద్ధతి యనగా అరుగుమీద పీట వేసికొని కూర్చుండుటయా, వీధిలో బండి హారను మ్రోగింపకుండుటయా, లేక చేపల వాసన రాకుండుటయా యని తఱచి చూచితిని. చివరిదియే యని తేలినది. ఆయన చెప్పుటకు మొగమోటపడెను. క్రొత్తవానికిని ఈ సంగతి తెలిసియే, వంటయింటి కిటికీ దొడ్డివైపు పెట్టించెను. ఇది యిరువురును నోరు విప్పక చేసికొన్న సంధి. న్యాయమా యని యడిగినచో పూర్తి న్యాయము గాదందును. ఎవడైనను తన యింట తనకు నచ్చినది వండుకొనును.

ఆ యింటి యజమానినే యొకనాడు అడిగితిని. ఆయన నాతో చదివినవాడే, నాకు లెక్కలు చెప్పినవాడే. "రోడ్డుమీద జాగా కొనుక్కుంటే ఇంతకంటే చవగ్గా పెద్ద మేడ లేచేది కదా, ఇక్కడే ఎందుకు కొన్నావు?" అంటిని. ఆయన నవ్వి, "ఆయ్, నిజమే మేష్టారండీ. మా అమ్మ ఈ ఇంటి దొడ్డిగుమ్మం దాకా వచ్చి ముప్పై ఏళ్లు ధాన్యం దంచింది. వీధి గుమ్మం ఎలా ఉంటుందో చూడకుండానే పోయింది" అనెను. నన్ను చిన్ననాడు పేరు పెట్టి పిలిచెడివాడు ఇపుడు మేష్టారండీ యని పిలుచుచున్నాడు. ఈ మర్యాదకు సంతోషింపవలెనో సిగ్గుపడవలెనో నాకు తెలియలేదు. ఇంకొక మాటయు ననెను: "మా అబ్బాయికి ఈ అగ్రహారం పేరంటే పడదండీ. చిరునామాలో కూడా రాయనంటాడు." కావున క్రొత్తవా రందఱును ఒక్క మాటమీద నుండిరనుకొనరాదు. తండ్రికి ఆ పేరు గెలిచి తెచ్చుకొన్న వస్తువు. కుమారునికి అది పాత గాయము.

ఆ యింటి ప్రక్క లోగిలిలో ఒంటిగా నుండు మా పెద్దమ్మగారిని అడుగగా ఆమె సమాధానము మిక్కిలి చిన్నది. "ఆఱేండ్లు ప్రక్కయిల్లు చీకటిగా నుండెను. ఇపుడు దీపము వెలుగుచున్నది. రాత్రి దగ్గినచో పలుకరించు మనిషి కలదు." ఆమెకు మడి కలదు, ఆచారము కలదు, వానిలో వేనిని ఆమె విడువలేదు.

2022 సంవత్సరమును తలపక ఈ ప్రసంగమును దాటుట నిజాయితీ గాదు. ఆ యేడు ఏప్రిల్ 4వ తేదీన అమలాపురము ముఖ్యపట్టణముగా కోనసీమ జిల్లా యేర్పడినది. దానికి డాక్టర్ బి. ఆర్. అంబేడ్కరుగారి పేరు చేర్చ తలపెట్టగా, మే 24న అమలాపురమున అలజడి చెలరేగి మంత్రిగారి యిల్లును, శాసనసభ్యుని యిల్లును దగ్ధములైనవి. అయినను ఆ యేడే ఆ పేరు స్థిరపడినది. నాడు పాతవారు పలువురు "శాంతమైన సీమకు మచ్చ వచ్చినది, ఇది బయటివారి పని" యని వాపోయిరి. పేటలో నొక పెద్దమనిషి నాతో, "ఈ సీమ శాంతంగా ఉందని మీరు అంటుంటే వినేవాళ్లం. మమ్మల్ని ఎప్పుడూ అడగలేదు కదండీ" యనెను. అగ్రహారము పేరు నిలుపవలెనని తపించెడి మనకు, ఒక పేరు కొఱకు ఇంకొకరు తపించుట అర్థము కాకపోవుట వింతయే. పేరు వారికి మాత్రము కూడు పెట్టునా యని కొంద ఱందురు. మనకు మాత్రము పెట్టుచున్నదా?

మొన్నటి కనుమనాడు ఆ మిత్రుడును నేనును కలిసి జగ్గన్నతోట తీర్థమునకు పోయితిమి. పెద్దలకు చెప్పనక్కరలేదు, మొసలపల్లి చెంతనున్న ఆ కొబ్బరితోటలో గుడి లేదు. వ్యాఘ్రేశ్వరము, ముక్కామల, ఇరుసుమండ, వక్కలంక మొదలగు గ్రామములనుండి ఏకాదశ రుద్రులు ప్రభలమీద వచ్చి యచట కొలువుదీరుదురు. గంగలకుర్రు ప్రభయు, గంగలకుర్రు అగ్రహారపు ప్రభయు కౌశిక దాటి రావలెను. మేము గట్టుమీద నిలిచియుండగా అగ్రహారపు ప్రభ నీటిలోనికి దిగినది. పచ్చని చేను త్రొక్కుడుపడుచున్నను ఆ చేని రైతు చేతులు జోడించి నిలిచెను. మోయువారు ఱొమ్ములోతు నీటిలో, బురదలో కాళ్లు దిగబడుచుండ, "అశ్శరభ" యని కేకలు వేయుచు భుజములు మార్చుకొనుచుండిరి. అందులో ఏ భుజము ఏ వీధిదో గట్టుమీదనుండి నాకు తెలియలేదు. మా మిత్రుని కుమారుడు, చిరునామాలో ఆ పేరు వ్రాయనన్నవాడు, సెలవుపై వచ్చియుండి మా ప్రక్కననే నిలిచియుండెను. ప్రభ నడుమ నీటిలో ఒకవైపు ఒఱగినది. వాడు చెప్పులు గట్టుమీద విడిచి, నీటిలోనికి దుమికెను.